ఆ టిక్కు చూసి పిల్లాడి ముఖం ఎందుకు వాడింది?

ఈ వారం ఉత్తరం విశాఖపట్నం నుంచి వచ్చింది. తన పేరు, కంపెనీ పేరు వేయవద్దని రాసినావిడ కోరారు. తొమ్మిది పేజీల ఉత్తరం, కుదించి చెబుతున్నాను.

ఆవిడకు 36 ఏళ్ళు. మర్రిపాలెంలో కాపురం. భర్తకు షిప్‌యార్డులో ఉద్యోగం. ఏడేళ్ళ పాప, అత్తగారు ఇంట్లో ఉంటారు. రుషికొండ మీద 11 మంది పనిచేసే చిన్న కంపెనీలో డిజైన్ పనంతా ఆవిడ చేతిమీదుగా నడుస్తుంది. వాళ్ళు తయారుచేసేది పిల్లలకు లెక్కలూ మాటలూ నేర్పే రోబో. అడుగు ఎత్తు, పిచ్చుక ఆకారం, పేరు కూడా పిచ్చుకే. పొట్ట మీద చిన్న తెర, కింద రెండు చక్రాలు, అంకెలు చెప్పేటప్పుడు ఒక్కొక్కటే వెలిగే ఐదు ఈకలు. విశాఖలో, విజయనగరంలో కొన్ని ప్రైవేటు బడులు రెండేళ్ళుగా వాడుతున్నాయి. కంపెనీ పెట్టినాయన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీలో ఆవిడకు సీనియర్. అప్పటినుంచీ "అన్నయ్యా" అనే పిలుపు, ఏటా రాఖీ. భర్త దాచుకున్న 6 లక్షలు కూడా ఆ కంపెనీలోనే ఉన్నాయి.

ఇప్పుడు జపాన్‌లో ఒక పంపిణీదారు దొరికారు. అక్కడ బడులు ఏప్రిల్‌లో మొదలవుతాయి కాబట్టి ఆలోగా 500 పిచ్చుకలు పంపాలని అన్నయ్య పట్టు. గొంతు జపనీస్‌లోకి మారిస్తే చాలంటాడు. పిల్లల ముఖం చూసి విసుగో ఉత్సాహమో పసిగట్టే కెమెరా కూడా పెడదామంటాడు. ఈవిడకు అది మింగుడు పడలేదు. కారణం ఒక వీడియో. నమూనాగా పంపిన రెండు రోబోలతో అక్కడి పిల్లలు ఆడుకుంటుంటే తీసినది.

"ఒక బాబు, ఆరేళ్ళుంటాయేమో. పిచ్చుక అడిగిన లెక్కకు సరైన జవాబే నొక్కాడు. తెర మీద పచ్చగా టిక్కు పడింది. వాడి ముఖం వాడిపోయింది. పక్క పిల్ల వైపు ఓసారి చూసి, వెనక్కి నొక్కి, జవాబు మార్చేశాడు. ఆ ముక్క నేను నలభైసార్లు చూసి ఉంటాను" అని రాశారు. తర్వాత ఆరా తీస్తే తెలిసింది. జపాన్ బడుల్లో టీచర్లు ఒప్పుకు సున్న చుడతారు. టిక్కు పెడితే తప్పని. అన్నయ్యకు చెబితే, "గుర్తు మార్చడం ఐదు నిమిషాల పని" అన్నాడట. "గుర్తు మారుస్తాం సరే, మనకు తెలియనివి ఇంకెన్ని ఉన్నాయో" అన్నది ఈవిడ బాధ.

ఆ బాధతోనే తర్వాతి వీడియో కాల్‌లో, జపాన్ వాళ్ళ ఎదుటే, "ఇది ఇంకా సిద్ధంగా లేదు" అనేశారు. అప్పటినుంచి అన్నాచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు, మెయిళ్ళే. చివరికి ఆయన ఒక మాట తేల్చాడు. "అంత చూడాలనుంటే ఆరు నెలలు జపాన్ వెళ్ళి కూర్చో. లేదంటే నేను చెప్పింది చెయ్యి." ఇంట్లో అత్తగారు, "ఏడేళ్ళ పిల్లను వదిలేసి బొమ్మలు చెయ్యడానికి దేశాలు పోతావా" అంటున్నారు. భర్త "నీ ఇష్టం" అంటున్నారు. "ఆ నీ ఇష్టంలో ఇష్టం లేదు" అని ఈవిడ రాసుకున్నారు. ఇంట్లో ఉన్న పిచ్చుకకు బ్యాటరీ ఉబ్బితే నెల కిందట ఆఫీసుకు తీసుకెళ్ళిపోయారట. పాప రోజూ కిటికీలో సాసర్‌లో నూకలు పెట్టి దానికోసం చూస్తోందట.

ఆవిడ ప్రశ్నలు మూడు. నేను మొండికేస్తున్నానా? మానేయాలా? వెళ్ళాలా?

మీ ఉత్తరం రెండు రోజులు దగ్గర పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చదివానమ్మా. మీరు మూడు అడిగారు. నాకు మాత్రం మీరు అడగకుండా, దారిన పోతూ పోతూ రాసేసిన రెండు సంగతుల దగ్గర చూపు ఆగింది. ముందు వాటి గురించి చెప్పనివ్వండి.

మొదటిది, ఆరో పేజీలో మీరు ఎత్తి రాసిన మెయిలు. 500 పిచ్చుకలు ఏప్రిల్‌కు పంపుతామని మీ అన్నయ్య రాస్తే వచ్చిన జవాబు ఇది: "ఏప్రిల్ కొంచెం కష్టంగా ఉంది. లోపల పరిశీలిస్తాం." మీ అన్నయ్య దీన్ని బేరం అనుకున్నారు, అందుకే ధర తగ్గించి మళ్ళీ రాశారు. సంబంధం చూసి వెళ్ళినవాళ్ళు, "ఇంటికెళ్ళి మాట్లాడుకుని చెబుతామండీ" అంటే మన పెద్దవాళ్ళకు ఏం అర్థమవుతుంది? చందా అడిగితే "చూద్దాం లెండి" అన్నవాడి ఇంటికి మళ్ళీ వెళ్తామా? జపాన్ వ్యాపార మర్యాదలో "కొంచెం కష్టం", "పరిశీలిస్తాం" అన్న మాటలు చాలాసార్లు అలాంటివే. ముఖం మీద కాదనకుండా కాదనడం. మీ తొమ్మిది పేజీల్లో ఏప్రిల్ అన్న మాట మీ అన్నయ్య నోట ఐదుసార్లు వచ్చింది. వాళ్ళ నోట వచ్చింది ఒక్కసారే, అదీ కష్టమని చెప్పడానికి. ఇంత గొడవకూ మూలమైన ఆ గడువు అసలు ఎవరిది? వాళ్ళదా, మీ కంపెనీ బ్యాంకు వాయిదాలదా? జపనీస్ బాగా తెలిసినవారి చేత మూల మెయిలు చదివించండి, యంత్రం చేసిన అనువాదం కాదు. నా అంచనా తప్పు కావచ్చు. నిజమైతే మాత్రం మీరిద్దరూ లేని గడువు కోసం నెలరోజులుగా మాటలు మానేసినట్టే.

రెండోది బ్యాటరీ. మీరు దాన్ని పాప కథగా రాశారు. సాసర్‌లో నూకల దగ్గర నాకూ గొంతు పట్టేసింది. కానీ ఆ కథలో ఉన్నది ఉబ్బిన లిథియం బ్యాటరీ. లోపల గ్యాసు పుడితేనే ఉబ్బుతుంది. రోజంతా చార్జింగులోనే ఉంచడం వల్ల కావచ్చు, మన ఎండకు వేడెక్కడం వల్ల కావచ్చు, చార్జింగును ఆపాల్సిన సర్క్యూటు ఆపకపోవడం వల్ల కావచ్చు, ఆ విడత సెల్సే నాసివి కావచ్చు. ఏది అన్నది తేలేదాకా ఒక్క పిచ్చుక కూడా ఓడ గానీ విమానం గానీ ఎక్కకూడదు. జపాన్ మాట అటుంచండి, విజయనగరం బడుల్లో ఉన్నవాటిని కూడా ఈ వారమే విప్పి చూడాలి. డిజైన్ అధిపతిగా ఇది మీ బాధ్యత. ఇందులో మొహమాటానికి చోటు లేదు, అన్నయ్య అలకకూ చోటు లేదు. టిక్కు గురించి నలభైసార్లు వీడియో చూసిన మీరు బ్యాటరీ గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఇంట్లో జరిగింది కాబట్టి ఇంటి సంగతి అనిపించిందేమో.

ఇక టిక్కు దగ్గరకు వద్దాం. మీ అన్నయ్య అన్నదీ నిజం, మీరన్నదీ నిజం. గుర్తు మార్చడం ఐదు నిమిషాల పనే. కానీ మార్చాలని తెలియడానికి ఒక పిల్లాడి ముఖం వాడిపోవాల్సి వచ్చింది. పోట్లాట అక్కడే ఆగిపోతోంది. దాన్ని ఇంకాస్త విడదీయండి. గదిలో కూర్చుని తెలుసుకోగలిగినవి కొన్ని, పిల్లల ముందు కూర్చుంటే తప్ప తెలియనివి కొన్ని.

గదిలోనే తెలిసేవి చెబుతాను. మీ పిచ్చుక వాక్యాలు ఇంగ్లీషు అచ్చులో పోసి ఉన్నాయని రాశారు, ఖాళీలో అంకె పెడితే వాక్యం తయారవుతుందని. జపనీస్‌కు ఆ అచ్చు పనికిరాదు. తెలుగుకు పనికొచ్చిందా? "ఇద్దరు పిల్లలు" అంటాం, "రెండు పిల్లులు" అంటాం. యంత్రం "రెండు పిల్లలు" అంటే మన చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది. జపనీస్‌లో ఆ తేడాలు ఇంకా ఎక్కువ. మనుషులు ఇద్దరైతే "ఫుతారి", పెన్సిళ్ళు రెండైతే "నిహోన్", పిల్లులు రెండైతే "నిహికి". లెక్కలు నేర్పే రోబో లెక్కపెట్టడంలోనే తప్పు మాట్లాడితే ఇక దాని మాట ఏ పిల్ల వింటుంది? ఎక్కాలూ అంతే. మనం "రెండు రెళ్ళు నాలుగు" అంటాం గానీ "రెండును రెండుచే గుణించగా" అని వల్లించం. వాళ్ళ పిల్లలు రెండో తరగతిలో తొమ్మిదో ఎక్కం దాకా ఒక పాటలాగా పాడతారు. రెండు రెళ్ళు నాలుగుకు "ని నిన్ గ షి" అంటారు. మామూలుగా అంకెలు పలికే తీరు వేరు, ఎక్కంలో పలికే తీరు వేరు. అనువాదకుడికి మీరు చెప్పకపోతే అతను మామూలు అంకెలే రాసిస్తాడు.

తెర మీద అక్షరాలు మరో సంగతి. అక్కడ ఒకటో తరగతిలో నేర్పే "కాంజీ", అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలు, 80 మాత్రమే, ఆరేళ్ళ ప్రాథమిక విద్య ముగిసేసరికి 1,026. ఆరేళ్ళ పిల్లకు తెర నిండా పెద్దల లిపిలో రాస్తే అది గోడమీద బొమ్మలా కనబడుతుంది. వాళ్ళకు ముందు కావాల్సింది హిరాగానా, పిల్లలు మొదట నేర్చుకునే తేలిక లిపి. రంగుల ఆటలో సూర్యుణ్ణి మీరు పసుపు అన్నారు, అక్కడి పిల్లలు ఎర్రగా వేస్తారు. సిగ్నల్‌లో మనం పచ్చ అనేదాన్ని వాళ్ళు "ఆఓ" అంటారు, ఆ మాటకు నీలం అని అర్థం. కోడి మాత్రం మనకు చుట్టమే, ఇక్కడ "కొక్కొరొకో", అక్కడ "కోకెకొక్కో". పిచ్చుక "కిచకిచ" కాదు, "చున్ చున్". మీ ఐదు ఈకలు ఒక్కొక్కటే వెలుగుతాయన్నారు. అక్కడి పిల్లలు అరచెయ్యి తెరిచి, బొటనవేలితో మొదలుపెట్టి ఒక్కొక్కటే ముడుస్తూ లెక్కపెడతారు. అంటే వెలిగే ఈకల కన్నా ముడుచుకునే ఈకలు వాళ్ళకు చప్పున అర్థమవుతాయి. ఇవన్నీ తెలిసినవారిని ఒకరిని పక్కన పెట్టుకుంటే రుషికొండ మీదే నెలా రెండు నెలల్లో తేలే పనులు. వీటికోసం ఆరు నెలలు జపాన్ వెళ్ళనక్కర్లేదు.

వెళ్తే తప్ప తెలియనివి వేరే ఉన్నాయి. గాజువాకలో 45 మంది పిల్లలు, నాలుగు ఫ్యాన్లు ఉన్న తరగతి గదిలో వినబడేలా మీరు పిచ్చుక గొంతు పెట్టారు. పలచని గోడల చిన్న అపార్టుమెంటులో అదే గొంతు పక్కింటివాళ్ళ తలుపు తట్టిస్తుంది. మన పలకరాయి నేలమీద జారిపోయే చక్రం చాపలు పరిచిన గదిలో ఏం చేస్తుంది? తప్పు చెప్పిన పిల్లకు మీ పిచ్చుక రెక్కలు ఆడించి, "మళ్ళీ ప్రయత్నించు" అని గట్టిగా అంటుంది. పదిమంది ఎదుట అలా అంటే ఆ పిల్ల నవ్వుతుందా, ముడుచుకుపోతుందా? ఇంకో మాట. అక్కడ 2020 నుంచి ప్రాథమిక బడుల్లో ప్రోగ్రామింగ్ తప్పనిసరి చేశారు, కానీ విడి సబ్జెక్టుగా కాదు. లెక్కలు, సైన్సు పాఠాల్లోనే కలిపి చెబుతారు. కాబట్టి టీచరు పక్కన ఇంకో టీచరులా నిలబడే రోబో వాళ్ళకు కావాలా, పాఠంలో ఒక పనిముట్టులా ఒదిగేది కావాలా అన్నది ఒక తరగతి వెనక బెంచీలో కూర్చుంటే తెలుస్తుంది.

నాకూ ఒక బొమ్మ నేర్పిన పాఠం ఉంది. చాలా ఏళ్ళ కిందట ఏటికొప్పాక లక్క బొమ్మలు విదేశాలకు పంపే ఒక సంస్థలో పనిచేశాను. మూడేళ్ళ లోపు పిల్లలకని ఒక రాణి బొమ్మ. తల వేరే, కొప్పు వేరే రంగులో తీసి, చిన్న చెక్క మేకుతో బిగించి అతికేవాళ్ళం. పరీక్షలో లాగితే కొప్పు ఊడొచ్చింది. 31.7 మిల్లీమీటర్ల వెడల్పు గొట్టంలో వేస్తే చక్కగా లోపలికి జారిపోయింది. జారిందంటే పసిపిల్ల గొంతులో అడ్డం పడగలదని లెక్క. సరుకంతా నిలిచిపోయింది. మా యజమాని ఇంకాస్త గట్టి జిగురు వాడదామన్నాడు. నేనూ తలూపాను. లేతు దగ్గర కూర్చున్న పెద్దాయన కొప్పును వేళ్ళ మధ్య తిప్పి చూసి, "తలా కొప్పూ ఒకే అంకుడు కర్రలో తీసేస్తే ఊడే పనేముందమ్మా, లక్క రంగు వేరేగా పట్టిద్దాం" అన్నాడు. మర్నాటికి చేసి చూపించాడు, మొగలి ఆకుతో మెరుగు కూడా పెట్టి. మీ అన్నయ్య పెడదామంటున్న కెమెరా గురించి చదువుతుంటే నాకు ఆ జిగురు డబ్బా గుర్తుకొచ్చింది.

కెమెరా విషయంలో నేను మీ పక్షమే, దాపరికం లేదు. పిల్ల ముఖం చూసి మనసు లెక్కగట్టే యంత్రం తప్పు చెబితే, మీ వీడియోలో బాబుకు టిక్కు చేసిన పనే అది రోజూ చేస్తుంది. ఏకాగ్రతతో ముఖం ముడిచిన పిల్లను విసుగు అంటుంది. మీ అన్నయ్యకు మనసు మాటలకన్నా వ్యాపారం మాట ఎక్కుతుందేమో, అలాగే చెప్పండి. జపాన్ తర్వాత యూరప్ అన్నారు కదా ఆయన. యూరోపియన్ యూనియన్ కృత్రిమ మేధ చట్టంలో, బడుల్లో మనుషుల భావోద్వేగాలను పసిగట్టే యంత్రాలపై నిషేధం 2025 ఫిబ్రవరి నుంచే అమల్లో ఉంది, వైద్యం, భద్రత అవసరాలకు తప్ప. మాటలు విని జవాబిచ్చే "మై ఫ్రెండ్ కేలా" అనే బొమ్మను జర్మనీ 2017లో రహస్య నిఘా పరికరం కింద జమకట్టి నిషేధించింది, కొన్నవాళ్ళను పనికిరాకుండా చేయమంది. మన దేశంలోనూ 2023 నాటి డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల ధ్రువీకరించిన సమ్మతి అడుగుతోంది. ఇప్పుడు కెమెరా అతికించి, రెండేళ్ళకు పీకడం కన్నా, అసలు లేకుండా ఒకే కర్రలో తీయడం చవక.

అదే వరుసలో ఇంకొకటి. మీ పిచ్చుక మాటలన్నీ ఇంటర్నెట్ సర్వరు నుంచి వస్తాయని రాశారు. అమెరికాలో "మాక్సీ" అని ఐదు నుంచి పదేళ్ళ పిల్లల కోసం 799 డాలర్ల రోబో ఒకటి అమ్మారు. 2024 డిసెంబరులో పెట్టుబడి అందక ఆ కంపెనీ మూతపడుతున్నట్టు ప్రకటించింది. సర్వరు ఆగితే రోబో మూగబోతుంది. "నీ నేస్తం ఇక మాట్లాడదు" అని పిల్లలకు ఎలా చెప్పాలో తెలియక తల్లిదండ్రులు తల్లడిల్లారు. తర్వాత సొంత కంప్యూటరు మీద నడుపుకునే దారి ఒకటి ఇచ్చారు. జపాన్‌లో 1999లో వచ్చిన సోనీ "ఐబో" అనే రోబో కుక్కకు 2014లో మరమ్మతులు ఆపేశారు. 2015 నుంచి చీబా ప్రాంతంలో ఒక బౌద్ధాలయంలో పాడైపోయిన ఐబోలకు అంత్యక్రియల ప్రార్థనలు జరిపారు. మీకిది వింతగా అనిపించదు, మీ కిటికీలో సాసరుంది కదా. 500 ఇళ్ళకు పిచ్చుకను పంపే ముందు మీ కంపెనీ రేపు నడవకపోయినా అది లెక్కలు చెప్పగలదా అని అడగండి. కనీసం ఎక్కాలూ కథలూ లోపలి చిప్‌లోనే ఉండాలి. నా దృష్టిలో గొంతు మార్చడంకన్నా ఇది ముందు చేయాల్సిన పని.

మీ అన్నయ్య సంగతి. ఆయన చెడ్డవాడని మీరు రాయలేదు, నాకూ అనిపించలేదు. 11 జీతాలు, బ్యాంకు అప్పు, అందులో మీ ఆయన సొమ్ము 6 లక్షలు కూడా. ప్రతి నెలా మొదటి తారీఖుకు గుండె దడదడలాడేది ఆయనకే. మీరు కాల్‌లో అన్న మాట నిజమే, అన్నచోటు సరికాదు. జపాన్ వాళ్ళ ఎదుట తన చెల్లెలే తన సరుకును కాదంది. ఆ పూట ఆయనకు వినిపించింది "సిద్ధంగా లేదు" కాదు, "నిన్ను నమ్మను" అని. మెయిలు రాయకండి. నేరుగా వెళ్ళండి. మాట అన్నచోటు తప్పని ఒప్పుకోండి, మాట తప్పని మాత్రం ఒప్పుకోకండి. తర్వాత బ్యాటరీ బల్ల మీద పెట్టండి. ఉబ్బిన బ్యాటరీ ముందు ఎవరి పంతమూ నిలవదు.

అక్కడినుంచి మీ ముందున్న దారులు నాకు ఇలా కనబడుతున్నాయి.

ఆయన చెప్పినట్టే ఏప్రిల్‌కు పంపవచ్చు. అప్పుడు కూడా వైఫై, బ్లూటూత్ ఉన్నందుకు అక్కడి రేడియో చట్టం కింద "గితెకి" గుర్తు ఉండాలి. చార్జరు 100 వోల్టుల మీద పనిచేయాలి, దానికి విద్యుత్ భద్రతను చెప్పే "పీఎస్ఈ" గుర్తు కావాలి. బ్యాటరీకి రవాణాలో ప్రమాదం లేదని చూసే ఐక్యరాజ్యసమితి 38.3 పరీక్ష కాగితం లేకుండా విమానం ఎక్కనివ్వరు. అక్కడి బొమ్మల సంఘం 1971 నుంచి ఇస్తున్న "ఎస్‌టీ" అనే భద్రత గుర్తు చట్టరీత్యా తప్పనిసరి కాదు, ఉంటే మాత్రం అమ్మకం తేలిక. ఇవి చేతిలో లేకపోతే ఏప్రిల్ అన్నది కాగితం మీది మాటే. ఉన్నా, 500 ఇళ్ళలో ఒకేసారి తెలియని తప్పులు బయటపడతాయి. జపాన్‌లో 2024లో పుట్టిన పిల్లలు 7 లక్షల లోపే. పిల్లలు తగ్గుతున్న దేశంలో రెండోసారి తలుపు తీస్తారని నేననుకోను. ఈ దారే ఖాయమైతే మీ అభ్యంతరాలు తారీఖుతో సహా కాగితం మీద పెట్టి ఇవ్వండి, ఆ తర్వాత మనస్ఫూర్తిగా పనిచేయండి. సగం మనసుతో చేసిన డిజైన్ కన్నా ప్రమాదం లేదు.

రెండో దారి, 30 లేదా 40 పిచ్చుకలే పంపడం. కెమెరా లేకుండా, ఎక్కువభాగం నెట్ లేకుండా నడిచేవి, ప్రయోగం అని పేరు పెట్టి. బడి అయ్యాక పిల్లల్ని చూసుకునే కేంద్రాలు అక్కడ ఉంటాయి, "గకుదో" అంటారు. అలాంటివి ఒకటి రెండు ఆ పంపిణీదారే చూపించగలరు. తల్లిదండ్రుల సమ్మతి తీసుకుని ఒక మూల కూర్చుని చూడాలి. "కొంచెం కష్టం" అన్నవాళ్ళు దీనికి ఒప్పుకునే అవకాశం ఎక్కువ, ఎందుకంటే వాళ్ళ పరువు కూడా 500 మీద పణం పెట్టనక్కర్లేదు. కానీ దీని ధర దాచను. ఈ ఏడాది జపాన్ నుంచి రాబడి దాదాపు ఉండదు. అన్నయ్య ఇంకో అప్పు చేయాలి, లేదా ఇక్కడి బడులకు అమ్మకాలు పెంచాలి. మీ 6 లక్షలు ఇంకో రెండేళ్ళు కదలవు. మీ ఆయన "నీ ఇష్టం" వెనక ఉన్నది ఈ లెక్కేమో. ఆయన్ని అడగండి, ముందు డబ్బు గురించే అడగండి. పాప గురించి, అమ్మ గురించి అడిగితే మళ్ళీ "నీ ఇష్టం" అనే అంటారు.

ఆరు నెలల మాట కోపంలో వచ్చింది, దాన్ని పట్టుకుని వేలాడకండి. వ్యాపార పనిమీద ఇచ్చే స్వల్పకాల వీసాతో అక్కడ ఉండగలిగేది ఎక్కువలో ఎక్కువ 90 రోజులు. ఆరు నెలలంటే వేరే రకం అనుమతి, ఖర్చు, ఇల్లు. మూడు వారాల చొప్పున రెండుసార్లు వెళ్తే? మొదటిసారి చూడటానికి, వచ్చి సరిదిద్ది, రెండోసారి సరిపోయిందో లేదో చూడటానికి. మధ్యలో రెండు నెలలు ఇంట్లోనే. మొదటి విడతలో ఒక వారమైనా మీ అన్నయ్యను కూడా రమ్మనండి. ముఖం వాడిపోవడం మీరు వీడియోలో చూశారు, ఆయన పక్కన కూర్చుని చూస్తే మీరిద్దరూ ఒకే భాష మాట్లాడతారు. మీ అత్తగారికి ఆరు నెలలకూ మూడు వారాలకూ తేడా తెలుసు. ఆవిడ అన్న మాటలో పుల్లవిరుపు ఉంది గానీ, అడిగిన ప్రశ్న సరైనదే. పాపను ఎవరు బడికి తీసుకెళ్తారు, జ్వరమొస్తే ఎవరు సెలవు పెడతారు అన్నది మీరు వెళ్ళేముందే భార్యాభర్తలు కూర్చుని రాసుకోవాలి. ఆవిడ మీదకు తోసేసి వెళ్ళడం న్యాయం కాదు.

మానేయడం కూడా ఒక దారే, పరువు తక్కువ పని కాదు. కాకపోతే మానేసినా పిచ్చుక కంపెనీదే, మీ గీతలన్నీ అక్కడే ఉంటాయి. మీ ఆయన సొమ్ము ఏ షరతుల మీద పెట్టారో ఆ కాగితం ముందు చదవండి. కాగితమే లేకపోతే ఇప్పుడైనా రాయించండి, ఉన్నా మానేసినా. మీరు లేకుండా అది జపాన్ వెళ్తుంది, ఆ బాబు ముఖం చూసిన మనిషి గదిలో ఉండదు. అలాగని ఆ ఒక్క కారణంతో కట్టుబడి ఉండిపోకండి. బ్యాటరీ సంగతి తేల్చకుండా పంపుదామని ఆయన అంటే, అప్పుడు నేనూ మానేయమనే చెబుతాను. కెమెరా దగ్గర, గడువు దగ్గర మాత్రం ఇంకా మాట్లాడుకునే చోటుంది.

మొండికేస్తున్నానా అని అడిగారు. టిక్కు విషయంలో కాదు. సరిచేయడానికి ఎంతకాలం పడుతుందన్న లెక్కలో కొంచెం మొండితనం ఉందనిపించింది. ఏడాది అన్నారు, ఆ ఏడాదిలో ఏ నెల ఏం చేస్తారో ఎక్కడా రాయలేదు. అన్నయ్య దగ్గరకు వెళ్ళేటప్పుడు అది చేతిలో ఉండాలి. ఒక్క పేజీ చాలు.

పాప దగ్గరకు వస్తాను. పిచ్చుక ఎక్కడికెళ్ళిందో ఎవరూ ఆ పిల్లకు సరిగా చెప్పలేదు. "బాగు చేయడానికి తీసుకెళ్ళారు" అన్నారు, నెలైంది. ఈ ఆదివారం పాపను ఆఫీసుకు తీసుకెళ్ళండి. విప్పిన పిచ్చుకను చూపించండి. ఉబ్బిన బ్యాటరీని ముట్టుకోనివ్వకండి, అది ఎక్కడ ఉండేదో మాత్రం చూపించండి. చక్రాలు, తెర, ఈకల కింద దీపాలు చూడనివ్వండి. ఏడేళ్ళ పిల్లకు అర్థమవుతుంది. తను అడిగే ప్రశ్నలు రాసుకోండి. ఇంటికొచ్చాక సాసరు తీసేయమని చెప్పకండి, మర్రిపాలెంలో నిజం పిచ్చుకలు ఇంకా వస్తుంటే అవి తింటాయి.

మెయిలు చదివించాక అందులో ఏముందో నాకు రాయండి. బ్యాటరీ సంగతి మాత్రం నా జవాబు కోసం ఆగకండి.